బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్, పచ్చ బుద్ధుడి గుడి ఎలా చూడాలి?

బ్యాంకాక్ వెళ్లిన మనవాళ్లు చాలామంది గ్రాండ్ ప్యాలెస్‌ను గంటలో చుట్టేసి, ఎండను తిట్టుకుంటూ బయటపడతారు. మూడు గంటలైనా పెట్టుకోండి.

1. ముందు బట్టలు. మోకాళ్లు, భుజాలు కనపడకూడదు. నిక్కర్లు, చిరుగుల జీన్స్, స్లీవ్‌లెస్‌లు వేసుకొస్తే గేటు దగ్గరే ఆపుతారు. పైన చున్నీ కప్పుకుంటాంలే అని ధీమాగా వెళ్లకండి. చేతులున్న కాటన్ చుడీదార్, పలచటి ప్యాంటు హాయి. చెప్పులు ఇట్టే విడిచేలా ఉండాలి.

2. మెట్రోలో అయితే సనమ్ చాయ్ స్టేషన్‌లో దిగి నడవాలి. చావో ఫ్రాయా నది మీద పడవలో అయితే తా చాంగ్ రేవులో దిగాలి. ఉదయం 8:30కి తెరుస్తారు, టికెట్లు 3:30 వరకే. విదేశీయులకు 500 బాత్. దారిలో ఎవరైనా "ఇవాళ మూసేశారు, వేరే గుడి చూపిస్తా" అంటూ టుక్‌టుక్ ఎక్కించబోతే నవ్వేసి ముందుకు నడవండి. ఆ బండి చివరికి ఆగేది నగల కొట్టు ముందే. చెప్పేవాడు ఇస్త్రీ చొక్కాలో పెద్దమనిషిలా ఉంటాడు, అదే చిక్కు.

3. లోపలికి వెళ్లగానే బంగారు స్తూపం వైపు పరుగెత్తకండి. ద్వారాల దగ్గర నిలబడ్డ రాక్షసుల్లో, ఆకుపచ్చవాళ్లలో ఒకడు మన రావణుడే. దశకంఠుడు అన్న మాటే థాయ్ నోట థోత్సకన్ అయింది. ఈ ఆవరణలోనే ఉన్న పచ్చ బుద్ధుడి గుడి చుట్టూ వసారా గోడల మీద వాళ్ల రామాయణం, రామకియెన్, 178 బొమ్మల్లో ఉంది. ప్రదక్షిణగా నడుస్తూ చూడాలి. కథ తెలుసు కదా అనుకుంటే దెబ్బ తింటారు: ఇక్కడ సీత రావణుడి కూతురు, హనుమంతుడు బ్రహ్మచారి కాదు! మైరావణుడి ఘట్టం కోసం వెతకండి. మన కథలో హనుమంతుడు తోకతో కోట కడతాడు. ఇక్కడ కొండంత పెరిగి, రాముడి విడిదిని ఏకంగా నోట్లో పెట్టుకుని కాపలా కాస్తాడు. నా మూడు గంటల్లో ఒక గంట ఈ గోడలకే పోయింది.

4. పచ్చ బుద్ధుడి గుడిలోకి చెప్పులు విడిచి వెళ్లాలి. లోపల ఫొటోలు తీయకూడదు. కూర్చుంటే కాళ్లు వెనక్కి మడవండి, పాదాలు విగ్రహం వైపు చూడకూడదు. ఎత్తయిన పీఠం మీద ఉన్న ఆ విగ్రహం సుమారు 66 సెంటీమీటర్లే. ఏటా మూడుసార్లు, కాలం మారినప్పుడల్లా, దాని వస్త్రాలు మార్చేది సాక్షాత్తూ రాజుగారే.

5. రాజభవనాలు చాలావరకు బయటినుంచి చూడటమే. ఈ ఆవరణకు మొదటి రాముడు (రామాయణ రాముడు కాదు, ఆ పేరున్న థాయ్ రాజు) 1782లో పునాది వేస్తే, చక్రి మహాప్రాసాదం అయిదో రాముడి కాలంలో, 1882లో పూర్తయింది. గోడలు యూరప్‌వి, పైకప్పు థాయ్‌ది. సూటు వేసుకుని తలపాగా చుట్టిన జమీందారులా ఉంటుంది.

అప్పటికి ఎండ మాడ్చేస్తుంటుంది. క్వీన్ సిరికిట్ వస్త్రాల మ్యూజియం కూడా అదే టికెట్‌లో ఉంది, పైగా ఏసీ.