కత్తి పిడికి మైనం ఎలా పట్టించాలంటే

2018లో తిత్లీ తుఫానుకి మా ఉద్దానంలో కొబ్బరి చెట్లన్నీ పడిపోయినప్పుడు మా పెరట్లో పనస చెట్టు కూడా పోయింది, ఆ కర్రతోనే ఇంట్లో కత్తులకి పిడులేయించాం. బొబ్బిలి వీణలు చేసేది కూడా పనస కర్రే, మంచి కర్ర, కానీ రోజూ తడిసి ఆరి తడిసి ఆరి రెండేళ్లకే సన్నగా చీలికలొచ్చి, పిడిని బిగించే రివిట్ మేకుల చుట్టూ నల్లబడిపోయింది. అప్పట్నుంచీ మైనం రాస్తున్నాను.

మైనం ఇంట్లోనే చేసుకోవచ్చండి. 20 గ్రాముల తేనెమైనం, 60 గ్రాముల లిక్విడ్ పారాఫిన్ చాలు, ఆ పారాఫిన్ మెడికల్ షాపులో దొరుకుతాది. రెండూ చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెని మరుగుతున్న నీళ్లలో పెట్టి కరిగించాలి. నేరుగా మంట మీద మాత్రం పెట్టకండి, అంటుకుంటాది. చల్లారితే పేరిన నెయ్యిలా అవుతాది. వేరుశనగ నూనె కలపొద్దు, కొన్నాళ్లకి ముక్క వాసనొస్తాది. షాపులో దొరికే ఫర్నిచర్ వాక్స్‌లో టర్పెంటైన్ లాంటివి ఉంటాయి, కూరగాయలు తరిగే కత్తికి నేనైతే వాడను.

అసలు పనంతా కర్ర ఆరడంలోనే ఉంది. లోపల తడుండగా మైనం రాసీస్తే ఆ తడి లోపలే ఉండిపోతాది. అందుకే కడిగీసి రెండ్రోజులు నీడలో ఒగ్గేయండి, ఎండలో పెడితే పగులుతాది, వానాకాలంలో అయితే ఇంకో రెండ్రోజులు ఆగడం మంచిది.

ఆరాక కత్తి అంచుకి మందం గుడ్డ చుట్టి, 120 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 220తో కర్ర నార ఎటుంటే అటే రుద్దండి. తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే సన్నటి నూగు లేస్తాది, అది ఆరాక 400తో మెల్లగా తీసీయండి, ఈ పని మానేస్తే మొదటిసారి కడగ్గానే పిడి గరుకెక్కిపోతాది.

ఇప్పుడు పాత బనీను గుడ్డతో బఠాణీ గింజంత మైనం తీసుకుని చెయ్యి వేడెక్కేదాకా రుద్దండి. పిడి చివర, రివిట్ల చుట్టూ ఇంకోసారి రాయాలి, చివర కోసిన వైపు కర్ర ఎక్కువ పీల్చుకుంటాది. రాత్రంతా ఉంచి పొద్దున్న పొడి గుడ్డతో గట్టిగా తుడిచీయండి. జిగురుగా తగిలితే మైనం ఎక్కువైనట్టే, అలాగ ఒగ్గేస్తే చేతిలో జారి వేలు తెగుతాది, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచేసి మళ్లీ తుడవండి.

ఎంత మైనం రాసినా సింకులో నానబెట్టకండి, వేడినీళ్లకి అది కరిగి పోతాది. అప్పుడప్పుడూ పిడి మీద ఒక చుక్క నీళ్లేసి చూడండి, ముత్యంలా నిలబడితే పర్లేదు, ఇంకిపోతే మళ్లీ రాయాలి, మా ఇంట్లో నెలకోసారి పడుతోంది.