ఫ్లష్ ట్యాంకు మీరే బాగుచేస్తున్నారా? ఆ ఆఖరి చుట్టు తిప్పకండి

ఈ మధ్య మాకు తెలిసినవారి ఇల్లు ఒక్క రాత్రిలో నీళ్లపాలైంది. పైపు పాతదేమీ కాదు, కొత్తదే. ఫ్లష్ ట్యాంకు కింద చుక్కలు పడుతున్నాయని ఆ ఇంటాయన స్వయంగా కనెక్షన్ పైపు మార్చాడు. చేత్తో బిగించగానే చుక్క ఆగింది. ఆగినా మనసు ఊరుకోలేదు, పానా పెట్టి మరొక్క చుట్టు తిప్పాడు. కొన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు. అందరూ ఊరెళ్లిన రాత్రి ఆ ప్లాస్టిక్ నట్టు నిలువునా చీలింది. కింది అంతస్తువాళ్లు తమ పైకప్పు కారుతోందని వచ్చి తలుపు తడితే తీసేవారు లేరు. తలుపు చెక్కలు ఉబ్బాయి, బీరువాల అడుగు ఊడింది, గోడలోని వైరింగు తడిసింది. పైపు మార్చడంలో ఆయన చేసిన తప్పేమీ లేదు. నష్టమంతా ఆ ఒక్క చుట్టుకే.

ఇలాంటివి చాలా చూశాను. కారే కమోడ్ రోజుకు వందల లీటర్ల నీళ్లు వృథా చేస్తుంది, నిజమే. కానీ అది ఇంటిని ముంచదు. నేను చూసిన మునకలన్నీ దాన్ని బాగుచేసిన చేతుల పుణ్యమే. చేతులకు తొడుగులు వేసుకోవాలి, తడి నేల మీద జారకుండా చూసుకోవాలి అన్నవి ఎవరైనా చెబుతారు. వాటి జోలికి పోను.

బిగింపు

నీళ్లను ఆపేది నట్టు కాదు, దానిలోపలి రబ్బరు వాషరు. ఆ వాషరును పైపు మూతికి ఆనించి ఉంచడం వరకే నట్టు పని. వాషరు ఆనిన తర్వాత ఎంత తిప్పినా అదనంగా ఆగే నీళ్లేమీ ఉండవు. మీరు పెట్టిన బలమంతా నట్టు గోడ మీద, దాని లోపల చుట్టలుగా తిరిగిన గాడి అంటే మర మీద పడుతుంది. ప్లాస్టిక్ అప్పటికప్పుడు విరిగితే బాగుండేది, తెలిసిపోయేది. అది విరగదు. మర మొదట్లో వెంట్రుక మందాన తెల్లటి గీత ఒకటి పడుతుంది. టార్చి వేసి పక్కనుంచి చూస్తేనే కనిపిస్తుంది. ఆ గీత లోలోపల సాగి సాగి, ఎన్నాళ్లకో ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఇంట్లో ఎవరూ కుళాయి విప్పని వేళ పైపులో ఒత్తిడి నిండుగా నిలుస్తుంది కాబట్టి, తరచు అది జరిగేది మీరు నిద్రలో ఉన్నప్పుడో, ఊళ్లో లేనప్పుడో.

మేడ మీది నీళ్ల ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే కింద ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. చీలిన చోటునుంచి నిమిషానికి పది లీటర్లే వస్తాయనుకున్నా ఎనిమిది గంటల్లో 4,800 లీటర్లు.

అందుకని, ప్లాస్టిక్ నట్టు అయితే చేతివేళ్లతో ఎంత బిగుస్తుందో అంతే. పానా వద్దు. లోహపు నట్టు అయితే చేత్తో బిగించాక పానాతో పావు చుట్టు. అప్పటికీ కారుతోందంటే లోపం బిగింపులో లేదు. వాషరు పక్కకు ఒరిగి ఉంటుంది, లేదా మర తప్పి ఎక్కి ఉంటుంది, లేదా మూతి చుట్టూ పాత సున్నపు పొర పేరుకుని ఉంటుంది. విప్పండి, తుడవండి, మళ్లీ పెట్టండి. ఇంకొక్క చుట్టు మాత్రం వద్దు.

మర సరిగ్గా ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. నట్టును మూతికి ఆనించి ముందు విప్పే వైపుకే మెల్లగా తిప్పండి. ఒకచోట చిన్నగా టక్కుమని మరలో మర కూర్చుంటుంది. అక్కడినుంచి బిగించే వైపుకు తిప్పితే రెండు వేళ్లతోనే హాయిగా తిరుగుతుంది. మొదటి చుట్టులోనే మొరాయిస్తే మర తప్పినట్టే. ఆ మొరాయింపును బలంతో జయించాలనుకునేవారే చివరికి కొత్త బాల్ కాక్ (ఫ్లష్ ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే భాగం) కొంటారు.

టెఫ్లాన్ టేపు గోడలోకి పోయే మరకు చుట్టండి. వాషరు ఉన్న నట్టుకు చుట్టకండి. అక్కడ దానికి పని లేకపోగా, ఆ మందం నట్టును లోపలినుంచి సాగదీస్తుంది.

పింగాణీ సంగతీ ఇంతే. ట్యాంకును కమోడ్‌కు కలిపే బోల్టులను ఇటు కొంచెం, అటు కొంచెం మార్చిమార్చి బిగించాలి. ట్యాంకు నిలకడగా కూర్చోగానే ఆపేయాలి. పింగాణీ లోహంలా వంగి సర్దుకోదు, ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని పగులుతుంది. కమోడ్ ఊగుతోందని నేల బోల్టులు బిగించేవారు ఇంకొందరు. సాధారణంగా ఆ ఊగడం నేల ఎగుడుదిగుడు వల్ల. సందులో పలచని ప్లాస్టిక్ ముక్క దోపితే కుదురుకుంటుంది, బోల్టు బిగిస్తే కమోడ్ పాదం పగులుతుంది. పగులు పడిన కమోడ్‌కు జిగురు ముద్ద పూసి వాడుకుంటున్న ఇళ్లు ఉన్నాయి. మనిషి కూర్చున్నప్పుడు అది విరిగితే ఆ అంచు కత్తిలా దిగుతుంది, తొడ లోతుగా తెగుతుంది. పగిలిన కమోడ్ మీద ఎవరినీ కూర్చోనివ్వకండి.

నీళ్లు కట్టేయడం

గోడ దగ్గర కనెక్షన్ పైపుకు నీళ్లు వదిలే చిన్న కుళాయిని, అంటే యాంగిల్ కాక్‌ను, కట్టేసి పని మొదలుపెట్టాలని అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని కాక్‌ను ఇవాళ పానాతో తిప్పితే ఏమవుతుందో మాత్రం తెలియదు. సున్నం పట్టి బిగుసుకుపోయిన పిడి తిరగదు. దానికి బదులు గోడలోని తుప్పుపట్టిన ముక్క విరుగుతుంది. ఇక నీళ్లు గోడలోంచి చిమ్ముతాయి, అక్కడ కట్టడానికి ఏమీ మిగలదు.

కాబట్టి దాని మీద చేయి వేయకముందే ఇంటి మొత్తానికి నీళ్లు ఆపే గేట్ వాల్వ్ ఎక్కడుందో వెతకండి. తిప్పండి. తిప్పాక ఒక కుళాయి విప్పి నీళ్లు నిజంగానే ఆగాయో లేదో చూడండి, ఎందుకంటే పాత గేట్ వాల్వులు పైకి తిరుగుతూనే ఉంటాయి, లోపల పలక మాత్రం దిగదు. అది తాళం వేసిన చోట ఉంటే తాళంచెవి ముందే మీ జేబులో ఉండాలి.

ట్యాంకు గోడలో దాగి ఉంటే ఫ్లష్ బటన్ల పలక వెనక చిన్న కాక్ ఉంటుంది. ఆ పలక సందులో చేయి పట్టినంతవరకే మీ పని. సుత్తి తేవాలనిపిస్తే ప్లంబరుకు ఫోను చేయండి.

పాడైంది ఏదో తెలిశాకే

అనవసరంగా బిగించిన నట్టుల్లో చాలావరకు అసలు కారని నట్టులే. ట్యాంకు మూత తీసి నీటి మట్టం చూడండి. మధ్యలోని నిలువు గొట్టంలోకి నీళ్లు పొర్లుతుంటే లోపం బాల్ కాక్‌ది. ముందు తేలే బంతిని దించి మట్టాన్ని గొట్టం మూతికి అంగుళం కిందికి తెండి. అప్పటికీ ఆగకపోతే బాల్ కాక్ వాషరు చూడండి. నీళ్లు పొర్లడం లేదు, అయినా ఎవరూ ఫ్లష్ చేయకుండానే ట్యాంకు ఉండుండి నిండుతున్న చప్పుడు వస్తోందంటే అడుగున ఉన్న రబ్బరు మూతను అనుమానించండి. ట్యాంకు నీళ్లలో కొంచెం వంటరంగు కలిపి అరగంట వదిలేయండి. కమోడ్‌లోకి రంగు దిగితే దొంగ దొరికినట్టే.

బయట తడి కనిపిస్తే పొడి కాగితంతో అద్దండి. రంగు అంటితే నీళ్లు ట్యాంకులోంచి వస్తున్నాయి. అంటకపోతే కనెక్షన్ పైపునుంచి కావచ్చు, లేదా చల్లటి ట్యాంకుకు గాలిలోని తేమ పట్టిన చెమట కావచ్చు. చెమటను ఆపడానికి నట్టు బిగించి, దాన్ని చీల్చి, నిజంగానే నీళ్లు కారేలా చేసుకున్నవారు ఉన్నారు.

సీసాలు

పనికి దిగేముందు కమోడ్‌ను ఒకసారి కడిగేయాలనిపిస్తుంది. కడగండి, కానీ ఒక్క సీసాతోనే. యాసిడ్ ఉన్న క్లీనర్, బ్లీచింగ్ ద్రావణం కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మీరు ఉన్నది ఇరుకు గది, పైగా ముఖం కమోడ్ మీదికి వంచి ఉంటారు. బ్లీచింగ్‌తో అమ్మోనియా కలిసినా విషవాయువే. కళ్లు మండి దగ్గు తెరలు మొదలైతే సామాన్లు సర్దుతూ నిలబడకండి, తలుపు తెరిచి బయటికి రండి. పూడిక తీయడానికి ఎవరైనా కాస్టిక్ సోడా పోసి ఉంటే ఆ కమోడ్‌లో ప్లంజర్ (పూడిక తీసే రబ్బరు కప్పు కర్ర) కొట్టకండి, తుంపర నేరుగా కళ్లలో పడుతుంది. పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లండి. యాసిడ్ సీసాను కనెక్షన్ పైపు పక్కన దాచిపెట్టకండి, దాని ఆవిరికే పైపు మీది స్టీలు అల్లిక తుప్పు పడుతుంది.

ఇక వరుసగా చెప్పుకుపోతాను. అన్నిటికీ కారణాలు అడగకండి.

– రాత్రి పూట మొదలుపెట్టకండి. ప్లంబరు దొరికే వేళే, విడిభాగాల దుకాణం తెరిచి ఉండగానే.

– విప్పేముందు ఫోనులో ఫోటో తీయండి.

– ట్యాంకు మూతను రెండు చేతులతో ఎత్తి, నేల మీద గుడ్డ పరిచి, బల్లపరుపుగా పెట్టండి. సీటు మీద వద్దు. వాష్‌బేసిన్ అంచు మీద అసలే వద్దు.

– రబ్బరు మూత గొలుసు మరీ బిగుతుగా ఉండకూడదు, మూత సగం తెరుచుకునే ఉంటుంది. మరీ వదులుగానూ ఉండకూడదు, మూత కింద ఇరుక్కుంటుంది.

– బాల్ కాక్ నుంచి వచ్చే సన్నటి గొట్టాన్ని నిలువు గొట్టం అడుగుదాకా తోయకండి. దాని కొస నీటి మట్టానికి పైనే ఉండాలి. కిందికి దిగితే ట్యాంకు నీళ్లను సైఫన్‌లా లాగేస్తుంది, మీరు రబ్బరు మూత మీద మూత మారుస్తూ కూర్చుంటారు.

– పాత వాషరు మీద కొత్త వాషరు వేయకండి.

– నట్టు తిప్పేటప్పుడు పైపును రెండో చేత్తో పట్టుకోండి. పైపు మెలిపడితే విప్పి మళ్లీ పెట్టండి.

– క్లోరిన్ బిళ్లలు ట్యాంకులో వేయకండి. రబ్బరును తినేస్తాయి.

– పూడిక పోతుందని మరిగే నీళ్లు పోయకండి. చల్లటి పింగాణీ పగులుతుంది.

– కరెంటుతో పనిచేసే సీటు ఉంటే ముందు ప్లగ్గు పీకండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఆ గదిలోకి తేకండి.

– చిన్నపిల్లలుంటే బాత్‌రూం తలుపు గొళ్లెం వేసి ఉంచండి. కొన్ని అంగుళాల నీళ్లున్న బకెట్టు చాలు, పసిబిడ్డ ప్రాణం పోవడానికి.

– కమోడ్‌ను ఒంటరిగా ఎత్తకండి. ఎత్తాక బయటపడ్డ రంధ్రంలో వెంటనే గుడ్డ కుక్కండి, మురుగు గొట్టం వాయువు గదిలోకి వస్తుంది. గుడ్డ కొస బయటికి వేలాడాలి.

– లోపం సెప్టిక్ ట్యాంకులో ఉందనిపిస్తే అక్కడితో ఆగండి. మూత తీసి తొంగిచూడకండి, దిగకండి. లోపల ఎవరైనా పడిపోయినా దిగకండి. అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్ ముందు వాసన తెలియకుండా చేస్తుంది, తర్వాత మనిషిని పడేస్తుంది. అత్యవసర సేవలకు ఫోను చేయండి.

– నీళ్లు తిరిగి వదిలేటప్పుడు యాంగిల్ కాక్‌ను కొద్దికొద్దిగా తిప్పండి.

– నట్టు చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి ఉంచండి. గంట తర్వాత చూడండి, పడుకునేముందు చూడండి, తెల్లారి చూడండి.

– కాగితం తడిస్తే పానా తీయకండి. నీళ్లు కట్టేసి, నట్టు విప్పి, వాషరు చూడండి. ఇంకొక్క చుట్టు వద్దు.

– తడవకపోయినా పానా తీయకండి.

– ఇంట్లో మరొకరు వచ్చి చేత్తో పట్టి చూసి, ఇంకాస్త బిగిస్తే మంచిదేమో అంటారు. వారిని అక్కడినుంచి పంపించేయండి.

– ఊరెళ్తే, ఒక్క పూటకైనా సరే, యాంగిల్ కాక్ కట్టి వెళ్లండి.

– ఇప్పటికే ఎప్పుడో పానాతో బిగించిన నట్టు మీ ఇంట్లో ఉంటే ఇవాళే టార్చి వేసి చూడండి. తెల్లటి గీత కనిపిస్తే విప్పకండి, బిగించకండి, వేలితో నొక్కి చూడకండి. ముందు కాక్ కట్టండి. ఈ రాత్రికి కమోడ్‌లో బకెట్టుతో నీళ్లు పోసి సరిపెట్టుకోండి, పొద్దున్నే కొత్తది తెచ్చి మార్చండి.