గ్లెన్ షీల్ దక్షిణపు కొండవెన్ను: ఒక్క రోజులో ఏడు మన్రోలు

స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు, అంటే 914.4 మీటర్లు దాటిన కొండలను మన్రోలంటారు. హైలాండ్స్‌లోని గ్లెన్ షీల్ లోయకు దక్షిణాన ఒకే వెన్ను మీద ఏడున్నాయి. ఎత్తయినది ఊనఖ్ ఎర్ ఖ్రీ, 1,021 మీటర్లు. మన అర్మకొండే 1,680 కదా అని తేలిగ్గా తీసుకోకండి. 57 డిగ్రీల అక్షాంశంలో, పడమటి సముద్రానికి దగ్గరగా ఉన్న కొండలివి. జూన్‌లో కూడా పైన వానగాలికి వేళ్లు కొంకర్లు పోతాయి.

ముందు లెక్క వేసుకోండి. స్కాట్లాండ్ పర్వతారోహకుడు నేస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. దాదాపు 25 కిలోమీటర్లు, 1,900 మీటర్ల ఎక్కుడు కాబట్టి ఎనిమిది గంటల పైమాటే. ఆగే సమయం కలిపి పది వేసుకుని, ఉదయం ఏడుకల్లా బయల్దేరాలి.

తూర్పున క్లూనీ ఇన్ అనే సత్రం దగ్గర మొదలుపెడితే ఎక్కుడు కాస్త తగ్గుతుంది, గాలి మాత్రం ఎక్కువగా ఎదురొస్తుంది. పాత టామ్‌డౌన్ రోడ్డు మీద సుమారు ఏడు కిలోమీటర్లు నడిచాక, కుడివైపు కాలిబాట క్రేగ్ ఎ వైమ్ మీదికి ఎక్కుతుంది. ఆ బాట ఎక్కేముందే వాగులో రెండు లీటర్లు నింపుకోండి. వెన్నెక్కాక నీళ్లు దొరకవు.

రెండో శిఖరం డ్రుయిమ్ హ్యూనఖ్‌కు ముందు వెన్ను సన్నబడుతుంది. ఊనఖ్ ఎర్ ఖ్రీ దాటాక మరీ సన్నం, అక్కడక్కడ చేతులు ఆనించాలి. పేరుకు అర్థమే వణికే కొండ! శిఖరాల మీద గంటకు 40 మైళ్ల గాలి అని సూచన ఉంటే ఆ రోజు వదిలేయండి, ఒక్క విసురుకే అడుగు తప్పుతుంది.

తిరిగి వెళ్లాలా వద్దా అన్నది నాలుగో శిఖరం మూల్ ఖిన్ జెరక్ మీద తేల్చుకోవాలి. మధ్యాహ్నం రెండు దాటినా, మబ్బు కమ్మినా, ఉత్తరపు కొమ్ము (శిఖరం నుంచి పక్కకు దిగే చిన్న వెన్ను) మీద వేటగాళ్ల పాత బాట పట్టుకుని రోడ్డుకు దిగిపోండి. చాలామంది నాలుగుతోనే ఆపుతారు, అందులో చిన్నతనమేమీ లేదు.

ముందుకు వెళ్లేవారు స్గూర్ అన్ డొరె లెహన్ దగ్గర జాగ్రత్త. దాని శిఖరం బాట మీద ఉండదు, ఉత్తరంగా వంద మీటర్లు పక్కకు వెళ్లాలి. పొగమంచులో చూసుకోక దాటిపోతారు. ప్రతి శిఖరం మీదా కదలకముందే దిక్సూచితో దిశ చూసుకోండి; నడుస్తూ చూస్తే అప్పటికే వేరే కొమ్ము మీద ఉంటారు. స్గూర్ అన్ లోఖన్ తర్వాత వచ్చే స్గూర్ బెగ్ మన్రో కాదు, దక్షిణపు వాలు బాటతో చుట్టి వెళ్లొచ్చు.

చివరిది క్రేగ్ నన్ డావ్. అక్కడి నుంచి ఉత్తరంగా సూటిగా దిగితే దగ్గరే అనిపిస్తుంది, కానీ వాలు నిటారు, అలసిన మోకాళ్లకు మంచిది కాదు. పడమటికి సాగి, బెల్యాక్ డూ లెక్ అనే కనుమ నుంచి పాత బాటలో దిగండి. రోడ్డు చేరాక క్లూనీ ఇన్ ఇంకా పది కిలోమీటర్ల పైనే, అదీ ఎక్కుడు. అందుకే రెండో కారునో, సైకిల్‌నో ఉదయమే ఈ దిగే చోట పెట్టి వెళ్లాలి.