బుల్లెట్ కింద ఠక్ ఠక్ అంటాందా, గేర్ బాక్స్ దింపకముందు ఇవి చూడండి

పాత బుల్లెట్, అంటే కుడి కాలికి గేరు ఎడమ కాలికి బ్రేకు ఉండే నాలుగు గేర్ల బండి, దాని కింద నుంచి ఠక్‌మని వచ్చిందంటే మా అనంతపురంలో యా షెడ్డుకు పోయినా మొదటి మాట ఒకటే, "గేర్ బాక్స్ దింపాలన్నా". నాదీ దింపినారు. నాన్న వాడిన బండి, తాడిపత్రి రోడ్డులో బండల లారీల వెనక పోతా యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడల్లా సీటు కింద ఎవరో సుత్తితో తట్టినట్టు ఠక్. రెండు రోజులు షెడ్డులో పెట్టి, బేరింగులు మార్పించి, డబ్బులు కట్టి బయటికొచ్చినా, టవర్ క్లాక్ కూడా దాటలేదు, మళ్లీ అదే ఠక్. చివరికి చూస్తే వెనక చక్రం డ్రమ్ములో ఉండే రబ్బర్లు! ఆ గేర్ బాక్స్ కూలీలో పదో వంతు కూడా కాని సరుకు.

ఎందుకిట్ల అయితాదంటే, ఇంజిన్ బలం ప్రైమరీ చైన్ మీదుగా క్లచ్‌కు, ఆడి నుంచి గేర్ బాక్స్‌కు, మళ్లీ వెనక చైన్‌కు, డ్రమ్ముకు, రబ్బర్లకు, ఆఖర్న చక్రానికి పోతాది. ఈ దారిలో యాడ రోంత లూజున్నా యాక్సిలరేటర్ ఇచ్చి వదిలినప్పుడు ఆ లూజంతా ఒక్కసారి అటు నుంచి ఇటు కొట్టుకుంటాది, ఆ దెబ్బ ఫ్రేమ్ ఇనుములో పాకి మనకు గేర్ బాక్స్‌లోనే మోగినట్టు వినపడతాది. చెవిని నమ్ముకుంటే మోసపోతాం. అందుకే వెనక నుంచి ముందుకు రావాల, చవక పని ముందు, ఖరీదు పని ఆఖర్న.

బండి స్టాండ్ వేసేముందు ఒకసారి తోలి చూడండి, శబ్దం ఎప్పుడొస్తాందో పట్టుకోండి. బండి నిలబెట్టి, క్లచ్ పట్టుకొని రేజ్ చేసినా కొడతాందంటే అది ఇంజిన్‌దో ప్రైమరీ చైన్ వైపుదో సంగతి, వెనక చక్రం, వెనక చైన్ గురించి రాసేది దానికి పనికిరాదు. తోలేటప్పుడు మాత్రమే వస్తే ఒక్కో గేరులో చూడండి. ఇది శానామంది చూడరు గానీ అసలు గుట్టు ఇక్కడే ఉంది, ఈ బాక్సులో నాలుగో గేరు డైరెక్ట్, బలం పక్క షాఫ్టు మీదికి పోకుండా నేరుగా బయటికి వస్తాది. కాబట్టి ఒకటి రెండు మూడులో మోగి నాలుగులో గమ్మునైపోతే గేర్ బాక్స్ మీద అనుమానపడొచ్చు, నాలుగు గేర్లలోనూ ఒకే మాదిరి ఠక్ ఠక్ అంటే ఎక్కువగా బాక్స్ బయట ఉన్నదే. నాది నాలుగులోనూ మోగింది, ఆ రోజు నాకీ ముక్క తెలీదు.

ఇప్పుడు ఇంజిన్ ఆపి సెంటర్ స్టాండ్ వేయండి. ఇంట్లో పిల్లోణ్ణి ఎవర్నైనా పిలిచి వెనక బ్రేకు గట్టిగా తొక్కి పట్టమనండి. బ్రేకు పడితే డ్రమ్ము, దాని మీద చైన్ కూర్చునే పండ్లు (స్ప్రాకెట్), చైన్ అన్నీ బిగుసుకుంటాయి, చక్రానికి డ్రమ్ముకి నడుమ మిగిలేది రబ్బర్లే. చక్రాన్ని రెండు చేతులతో పట్టి ముందుకీ వెనక్కీ ఊపండి. రబ్బరు బాగుంటే రోంత నొక్కుకొని మళ్లీ తోసినట్టు, దిండు మీద చెయ్యి పెట్టినట్టు ఉంటాది. పోయుంటే ఖాళీగా కదిలి, ఆఖర్న డబ్ అని తగులుతాది, అరచేతికే తెలుస్తాది. నాది విప్పినప్పుడు రబ్బర్లు ముక్కలు కూడా కాదు, మిరియాల పొడి మాదిరి నల్లగా కింద పోసిన పేపర్ మీద రాలినాయి, మన ఎండలకు గట్టిపడి పగిలిపోయి ఉంటాయి. సెట్టు మొత్తం మార్చాల, ఒకటి రెండు మార్చి మిగతావి అట్లే పెట్టకండి.

రబ్బర్లు బాగుంటే తర్వాత వెనక చైన్ చూడాల. చక్రం మెల్లగా తిప్పుతా ఐదారు చోట్ల కింది చైన్ పైకీ కిందికీ కదిపి చూడండి, ఒక చోట బిగువు ఒక చోట వదులు ఉంటాది, బిగువున్న చోట సుద్దముక్కతో గీత పెట్టుకొని అక్కడే ఒక అంగుళం ఆట ఉండేటట్టు పెట్టుకోవాల. వదులు చోట చూసి టైట్ చేసినారనుకో, బిగువు చోట బేరింగులు మూలుగుతాయి. వెనక పండ్ల మీద చైన్‌ని నడుమ భాగాన పట్టి వెనక్కి లాగండి, పన్నులో సగం బయటికి కనపడిందంటే చైన్ అయిపోయింది. పండ్లు కొడవలి మాదిరి ఒకవైపు వంగి ఉంటే చైన్ ఒక్కటే మారిస్తే నెలల్లో కొత్తదీ పోతాది, సెట్టే మార్చండి. నత్త గుల్ల మాదిరి ఉండే అడ్జస్టర్ రెండు వైపులా ఒకే గాటులో పెట్టాల, అయ్యాక వెనక బ్రేకు రాడ్ మళ్లీ సరి చూసుకోవాల. చైన్ రెండు కొనలు కలిపే లాక్ మూసిన వైపు బండి పోయే దిక్కుకు ఉండాల, అంటే పై వరస మీద ముందుకు. ఇదంతా ఇంజిన్ ఆపే. ఇంజిన్ తిరుగుతాంటే చైన్ దగ్గర గుడ్డ కూడా పెట్టొద్దు, వేళ్లు పోగొట్టుకున్నోళ్లు ఉన్నారు.

ఇంజిన్‌ని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టులు వదులైనాయేమో పానా పెట్టి ఒకసారి చూడండి, ఐదు నిమిషాల పని.

తర్వాత ప్రైమరీ కేస్, అంటే ప్రైమరీ చైన్, క్లచ్ ఉండే ఎడమ పక్క డబ్బా. ఎడమ ఫుట్‌రెస్ట్, బ్రేకు పెడల్ పక్కకు తీస్తే కవర్ మధ్యలో ఒకటే పెద్ద నట్టు మీద నిలబడుంటాది, కింద బేసిన్ పెట్టుకోండి, ఆయిల్ అంతా ఒక్కసారి దిగుతాది. లోపల చైన్ బిగువు చోట పావు అంగుళం ఆట చాలు, మరీ సాగి కేసుకు తగులుతాంటే ఆ గీతలు అల్యూమినియం మీదే కనపడతాయి. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లో తిరిగే రోటర్ నట్టు, క్లచ్ నట్టు బిగువు చూడండి, రోటర్ నట్టు వదులైతే కూడా అచ్చం గేర్ బాక్స్ మాదిరే కొడతాది.

పొద్దున్నే న్యూట్రల్ నుంచి ఫస్ట్ వేస్తే మాత్రమే ధడ్ అంటాందా? అది క్లచ్ ప్లేట్లు ఆయిల్‌తో అతుక్కోవడం. స్టార్ట్ చేసేముందు క్లచ్ పట్టుకొని రెండు మూడు కిక్కులు కొట్టండి విడిపోతాయి. క్లచ్ లివర్ దగ్గర రోంత ఆట ఉందో లేదో, ఐడ్లింగ్ ఎక్కువ పెట్టుకున్నారేమో చూసుకోండి, దీనికి బాక్స్ దింపితే నాకైతే నవ్వొస్తాది.

ఇన్ని చూసినా పోకపోతే అప్పుడు గేర్ బాక్స్ ఆయిల్ వంపండి. అయస్కాంతం పెట్టి చూస్తే బూడిద రంగు మెత్తటి ముద్ద వస్తే వయసు తరుగుడు, పర్లేదు. చేతికి గుచ్చుకునే పెచ్చులో పన్ను ముక్కలో దొరికితే, లేదా బరువు పడినప్పుడు గేరు దానంతట అదే ఊడిపోతాంటే, ఇంగ తోలకండి, దింపించండి. దింపేటప్పుడు మీరూ అక్కడే కూర్చోండి, ఏ గేరులో మోగిందో కాగితం మీద రాసి మెకానిక్ చేతికివ్వండి, మార్చిన పాత పార్టులన్నీ అడిగి ఇంటికి తెచ్చుకోండి.