నవంబరులో ప్రాజెక్టుకి కొండెక్కే ముందు

పోయిన వారం చెట్ల సర్వే ప్రాజెక్టుకి వెళ్లిన మా జూనియర్లు ఇద్దరు శేషాచలం అంచున వంకకి అవతల చిక్కుకుపోయారు. పొద్దున దాటినప్పుడు పాదాలు మునిగేంత నీళ్లే, మధ్యాహ్నం మూడున్నరకి నడుముదాకా వచ్చేశాయి. ఊళ్లోవాళ్లు తాడేసి లాగారు కాబట్టి బతికారు. ఎందుకు ఉండిపోయారని అడిగితే, "ఇంకొక్క ప్లాటే కదా అన్నా, అయిపోగొట్టేద్దాం అనుకున్నాం" అన్నారు.

బూట్లు, టోపీ, నీళ్ల బాటిల్ సంగతి మీకు తెలుసు. నేను చెప్పేది ఆ ఇంకొక్క ప్లాటు గురించే, అంటే మొక్కల్ని లెక్కపెట్టడానికి అడవిలో టేపుతో కొలిచి గీసుకునే చోటు.

అది టాపిక్ రాసిన రోజే మొదలవుతుంది. ఆరు వారాల ప్రాజెక్టుకి 'శేషాచలం వృక్ష వైవిధ్యం' అని పెట్టుకుంటారు, గైడ్‌కి నలభై ప్లాట్లు అని చెప్తారు, పర్మిషన్‌కి రెండు వారాలు, వానకి ఒక వారం పోయాక ఆ నలభై ప్లాట్లూ మిగిలిన రోజుల మీద పడతాయి, అప్పుడు టెన్షన్‌లో ఎవరూ ఆకాశం వైపు చూడరు. చిన్న ప్రశ్న పెట్టుకోండి. మేకలు మేసే వాలుకీ మేయని వాలుకీ గడ్డి జాతుల్లో తేడా ఏమిటి? మీటరు చదరాలు వాలుకి పన్నెండు వేయండి, అదీ కొండ కిందే. క్యాలెండర్‌లో సగం రోజులు వానకి వదిలేయండి.

ఈశాన్య రుతుపవనాల వాన పైన కురుస్తుంటే కింద మీకు ఎండే ఉండొచ్చు. 2021 నవంబరులో కపిలతీర్థం దగ్గర నీళ్లు ఎలా దూకాయో మనం చూశాం. వంకలో నీళ్లు ఎర్రబడి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే వెంటనే ఒడ్డెక్కాలి, టేపు అక్కడే వదిలేసైనా సరే.

పైగా ఆ చివరి ప్లాటు డేటా పనికిరాదు. ఆ జూనియర్ల తడిసిన షీటు చూశాను, చెట్ల చుట్టుకొలతలన్నీ 40, 45, 50. 1.37 మీటర్ల ఎత్తులో టేపు పెట్టి కొలిస్తే అన్నీ అలా రౌండు అంకెలు రావు. కంటితో చూసి రాసేశారు.

అనుమతి కాగితం లేకుండా జాతీయ పార్కులో అడుగుపెట్టొద్దు, ఇది ఎర్రచందనం ఉన్న అడవి, కత్తీ జీపీఎస్సూ పట్టుకుని కనబడితే స్టూడెంట్ అంటే ఎవరూ నమ్మరు. ఆకు కూడా తెంపొద్దు. ఒంటరిగా వెళ్లొద్దు. నోట్సు పెన్సిల్‌తోనే రాయండి, తడిస్తే ఇంకు కారిపోతుంది. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో హాస్టల్‌లో ఒకరికి కాగితం మీద రాసిచ్చి వెళ్లండి, లోపల సిగ్నల్ ఉండదు. పాము కరిస్తే కోయొద్దు, కట్టొద్దు, దాన్ని వెతుకుతూ కూర్చోవద్దు, నేరుగా ఆస్పత్రికి. పలమనేరు వైపు ప్రాజెక్టయితే ఏనుగులు ఎక్కడున్నాయో ఆ పొద్దున్నే ఊళ్లో అడగండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపని చిరుత చంపింది. చీకటి పడేదాకా ఉండొద్దు. మూడింటికల్లా టేపు చుట్టేయాలి. ప్లాటు సగంలో ఉన్నా సరే చుట్టేయాలి. ఇంకొక్కటి అని ఎవరు అన్నా, మీ గైడే ఫోన్ చేసి అన్నా, దిగిపోండి.