'కన్జర్వేటివ్' దగ్గర కాపీ తేడా కొడుతోందా? ముందు సంవత్సరం చూడండి

సమస్య: అమెరికా రాజకీయాల మీద వ్యాసం తెలుగు చేస్తుంటారు. మొదట్లో కన్జర్వేటివ్‌లు స్వేచ్ఛా వాణిజ్యం కావాలంటారు. నాలుగు పేరాలు దాటేసరికి వాళ్లే దిగుమతి సుంకాలకు జై కొడుతుంటారు. ఇంగ్లిష్ కాపీలో, అంటే మూల వార్తలో, తప్పుందని డెస్క్‌కి ఫోన్ చేస్తారు.

ఫోన్ పెట్టేసి ఏ సంవత్సరం గురించో చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది మాత్రం ఎవరూ చూడరు. 1930లో స్మూట్-హాలీ చట్టంతో సుంకాలు పెంచింది రిపబ్లికన్లే, ఇవాళ కన్జర్వేటివ్ పార్టీ అనిపించుకునేది వాళ్లదే. 1988లో కెనడాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై సంతకం పెట్టిన అధ్యక్షుడు రీగన్ రిపబ్లికనే. 2018లో ఉక్కుపై 25 శాతం సుంకం వేసిన ట్రంప్ కూడా అంతే. చాలా చిక్కులు ఇక్కడే విడిపోతాయి.

విడిపోకపోతే అసలు దొంగ వేరే ఉన్నాడు: పార్టీనీ భావజాలాన్నీ ఒకటే అనుకోవడం. నేనూ బోల్తా పడ్డాను. జాతి వివక్షను నిషేధించిన 1964 పౌర హక్కుల చట్టం మీద కాపీలో 'కన్జర్వేటివ్ సెనేటర్లు అడ్డుకున్నారు' అని ఉంటే, 'రిపబ్లికన్లు అడ్డుకున్నారు' అని కొట్టేశాను. పేజీ వెళ్లిపోయింది. మర్నాడు సవరణ వేసుకున్నాం. సెనేట్‌లో బిల్లు 73-27తో నెగ్గింది. వ్యతిరేకించిన 27 మందిలో 21 మంది డెమొక్రాట్లు, రిపబ్లికన్లు ఆరుగురే! అడ్డుకున్న దండుకి నాయకుడు జార్జియా డెమొక్రాట్ రిచర్డ్ రస్సెల్.

'సరే, డెమొక్రాట్లు అని మార్చేస్తా' అంటారా? అప్పుడు ఇంకో గోతిలో పడతారు. ఆ ఆరుగురిలో బ్యారీ గోల్డ్‌వాటర్ ఉన్నారు, ఆ ఏడాది రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థి. రస్సెల్ కాపాడాలనుకున్నది దక్షిణాదిలో నల్లవాళ్లను విడిగా ఉంచే కట్టుబాటుని. గోల్డ్‌వాటర్ చెప్పిన కారణం అది కాదు, ప్రైవేటు వ్యాపారాల్లో వేలు పెట్టే అధికారం కేంద్రానికి లేదన్నారు. ఇద్దరికీ 'కన్జర్వేటివ్' అనే ఒకటే మాట వాడారు. ఆ నవంబరులో గోల్డ్‌వాటర్ చిత్తుగా ఓడినా, గెలిచిన ఆరు రాష్ట్రాల్లో ఐదు దక్షిణాదివి. డెమొక్రాట్ల కంచుకోటలుగా పేరుపడ్డవి. ఆ మాట రిపబ్లికన్లకు గట్టిగా అంటుకోవడానికి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పట్టింది.

పరిష్కారం: మాట కనబడ్డ ప్రతిచోటా పక్కన పెన్సిల్‌తో 'దేన్ని?' అని రాసుకోండి. దేన్ని కాపాడాలంటున్నారు? ఆ జవాబునే వాక్యంలో పెట్టండి: 'కేంద్రం పెత్తనం వద్దనే సెనేటర్లు', 'జాతి వివక్షను సమర్థించే దక్షిణాది డెమొక్రాట్లు'. తేలకపోతే 'కన్జర్వేటివ్' అనే ఉంచేయండి. 'సంప్రదాయవాది' అంటే మన పాఠకుడికి మడీ ఆచారమే గుర్తొస్తాయి. గోల్డ్‌వాటర్ పెద్ద వయసులో గర్భస్రావం హక్కును సమర్థించారు, స్వలింగ సంపర్కులు సైన్యంలో ఉంటే తప్పేంటన్నారు. ఆయనకి ఆ పేరెలా అతుకుతుంది? 'ఛాందసులు' అయితే అసలే వద్దు.

నియో కన్జర్వేటివ్, పేలియో కన్జర్వేటివ్ లాంటి ఉపశాఖల పేర్లు అరుదు, తెలుగు లిపిలో పెట్టి ముందుకెళ్లండి. వార్త మొదట్లో లండన్ అని డేట్‌లైన్ ఉంటే అది వేరే దేశం, అక్కడ 'కన్జర్వేటివ్' అన్నది ఒక పార్టీ పేరే.