మానేయాలనుకున్నాక మీటింగ్ ఎలా దొరికిందంటే

తాగుడు మానాలని గట్టిగా అనుకున్నాక వచ్చిన చిక్కు, మానాలనుకునేవాళ్లు ఒకచోట కలిసి ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్ దగ్గర్లో ఎక్కడ జరుగుతుందో తెలియకపోవడం. ఎవరో చెప్పిన చోటికి వెళ్తే గదికి తాళం. మీటింగ్ వేరే చోటికి మారి చాలా కాలమైందట. అలాంటి సాయంత్రం ఒంటరిగా వెనక్కి రావడం ఎంత ప్రమాదమో ఈ అలవాటున్నవాళ్లకి తెలుసు.

దారి చూపింది ఆల్కహాలిక్స్ అనానిమస్ హెల్ప్‌లైన్. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు తోడు నిలవడంతో మొదలైన సంఘం ఇది. ఫోన్ ఎత్తినాయన కూడా ఒకప్పుడు తాగి మానేసినవారే. రోజు, సమయం, ఏ భాషలో జరుగుతుందో చెప్పి, గుమ్మం దగ్గర ఒకరు మీకోసం ఉంటారన్నారు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ సగం తగ్గింది. 'ఓపెన్' మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు, 'క్లోజ్డ్' మాత్రం మానాలనుకునేవాళ్లకే. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు.

మొదట వెళ్లిన గ్రూపు నాకు అంతగా కుదరలేదు, ఇంకోటి కుదిరింది. కాబట్టి ఒక్కదానితో ఆగిపోకండి. బయల్దేరే ముందు ఫోన్ చేసి సమయం ఖాయం చేసుకోండి.

రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, అది ప్రాణాంతకం కూడా. ముందు డాక్టర్ని కలవండి. ఇంట్లోవాళ్లకి అల్-అనాన్ మీటింగులు వేరుగా ఉంటాయి, మా వాళ్లు అక్కడికే వెళ్తున్నారు.